విరామం కాగితం మీద, మెమో చేతిలో: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

రాత్రి విధుల్లో నిద్రిస్తూ కనిపించిన నర్సులపై శాఖాపరమైన చర్యలు తీసుకోవాలని, అవసరమైతే సస్పెండ్ చేయాలని, ఆకస్మిక తనిఖీలు జరిపి ఫొటోలతో సహా నివేదికలు పంపాలని మీ కార్యాలయం నుంచి వెలువడిన సర్క్యులర్ మాకు అందింది. ప్రతి నర్సింగ్ స్టేషన్‌లోనూ దాన్ని గోడకు అంటించి, చదివినట్టుగా మా అందరి చేతా సంతకాలు కూడా చేయించుకున్నారు. అంతటి శ్రద్ధలో వందో వంతైనా మేము పెట్టుకున్న వినతిపత్రాల మీద కనిపించి ఉంటే ఈ లేఖ రాయవలసిన అవసరం ఉండేది కాదు. రాత్రి విరామాల గురించి, విరామానికి వెళ్లిన నర్సు స్థానంలో నిలబడే రిలీవర్ల గురించి, విశ్రాంతి గది గురించి ఇచ్చిన ఏ వినతికీ ఇంతవరకు జవాబు లేదు. సంబంధిత విభాగానికి పంపామని మీ పేషీలో చెప్పారు. పైనుంచి ఆదేశాలు రావాలని సంబంధిత విభాగం వారు చెప్పారు. ఆ పైన ఉన్నది మాకు తెలిసినంతవరకు మీరే కాబట్టి, మధ్యలోని మెట్లన్నీ వదిలిపెట్టి నేరుగా మీకే, అందరూ చదివేలా రాస్తున్నాను.

రోగి పిలుస్తుండగా పలకకుండా నిద్రపోయిన నర్సును వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను. అలాంటి నిర్లక్ష్యం జరిగితే విచారణ జరిపించండి, తప్పు తేలితే శిక్షించండి. మాలో ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే ఆ నర్సునూ, తన రోగులను తోటి నర్సుకు అప్పగించి, విరామ సమయంలో ఇరవై నిమిషాలు కళ్లు మూసుకున్న నర్సునూ మీ సర్క్యులర్ ఒకే గాటన కట్టేసింది. ఇద్దరికీ ఒకే మెమో, ఒకే గడువు, ఒకే రకమైన సంజాయిషీ. విరామంలో ఉన్న మనిషి కూర్చోవాలో, నడవాలో, కళ్లు మూసుకుంటే ఎంతసేపటి వరకు క్షమార్హమో అందులో ఎక్కడా లేదు. అసలు విరామాల ప్రస్తావనే లేదు.

మా డ్యూటీ రోస్టర్ అడుగున మాత్రం ఉంది. రాత్రి డ్యూటీకి ఒక గంట విరామం అని రాసి ఉంటుంది, ఆ గంటను మా పని గంటల్లోంచి క్రమం తప్పకుండా మినహాయిస్తారు కూడా. మినహాయించడంలో ఏనాడూ పొరపాటు జరగలేదు, ఇవ్వడంలోనే జరుగుతోంది. కారణం మీకు తెలియనిది కాదు: విరామానికి వెళ్లిన నర్సు స్థానంలో నిలబడే మనిషి రోస్టర్‌లో లేదు. ఒక్క నర్సే ఉన్న వార్డులో ఆమె విరామం తీసుకోవాలంటే రోగులు కూడా ఆ గంటసేపు తమ జబ్బులకు విరామం ప్రకటించాలి. ఇద్దరున్న చోట ఒకరు వెళితే వార్డంతా రెండోవారి మీద పడుతుంది. ఆ సమయంలోనే ఒక రోగికి ఊపిరి ఆడకపోవచ్చు, నాలుగు మంచాల అవతల ఇంకొకరి సెలైన్ సూది ఊడి దుప్పటి తడిసిపోవచ్చు, ఎమర్జెన్సీ నుంచి స్ట్రెచర్ మీద కొత్త కేసు రావచ్చు. ఆ ఒక్క మనిషే మూడు చోట్లా ఉండాలి. ఇది తెలిసిన నర్సు విరామానికి వెళ్లదు. వెళ్లినా ఒక చెవి వార్డు వైపే పెట్టి కూర్చుంటుంది, పిలుపు రాగానే లేచి వస్తుంది. అలా మధ్యలో తెగిపోయిన విరామాన్ని తర్వాత ఎవరైనా తిరిగి ఇచ్చారన్న మాట ఈ ఉద్యోగంలో చేరింది మొదలు నేను వినలేదు.

మరో సంగతి మీ సలహాదారులు మీ దృష్టికి తెచ్చారో లేదో. ఇన్సులిన్, హెపారిన్, గాఢమైన పొటాషియం క్లోరైడ్ వంటి మందులు మోతాదు కాస్త తప్పినా ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే వాటిని ఇచ్చే ముందు ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్క సరిచూసి, ఇద్దరూ సంతకం చేయాలన్నది భద్రతా పద్ధతి. పగటిపూట అది జరుగుతుంది. రాత్రి ఒక్కరే ఉన్న వార్డులో ఆ రెండో సంతకం ఎవరు పెట్టాలి? పక్క వార్డు నర్సు పరుగున వచ్చి సిరంజి చూసి సంతకం పెట్టి వెళితే, ఆ కాసేపు పక్క వార్డులో ఎవరూ లేనట్టే. ఆమె రాలేకపోతే చార్టులో ఆ రెండో సంతకపు గడి తెల్లవారాక నిండుతుంది. ఆకస్మిక తనిఖీకి వచ్చే అధికారులు నర్సు కళ్లు మూసి ఉన్నాయా తెరిచి ఉన్నాయా అని చూస్తారు కానీ ఈ గడి ఎప్పుడు నిండిందని అడగరు. అడిగినా ఉపయోగం లేదు, అక్కడ సంతకం ఉంటుంది.

తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో ఏ వార్డుకైనా, తనిఖీ బృందం లేకుండా, ఒక్కరే వచ్చి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. ఆ వేళకు నిలబడి రాసుకుంటున్న నర్సులు కనిపిస్తారు, కూర్చుంటే కునుకు పడుతుందని వారికి తెలుసు కాబట్టి. అవసరం లేకపోయినా వార్డు ఒకసారి చుట్టి వస్తారు, ముఖం కడుక్కుని మళ్లీ వస్తారు. మందును కొలిచి నరంలోకి ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు మీద ఉన్నది 12.5 అంకెనా, 125 అంకెనా అని మూడుసార్లు చూస్తారు. మూడోసారి చూసేసరికి మొదటిసారి ఏం చూశారో గుర్తుండదు. బీపీ గడిలో 120 వేసి, దాని కింద 80 వేయబోతుండగా పెన్ను ఆగిపోయి, గీత అలాగే కిందికి జారి జ్వరం రాసే గడిలోకి పోయిన కేస్ షీట్లు రికార్డు గదుల్లో వెతికితే దొరుకుతాయి. మా అందరికీ ఆ గీత ఏమిటో తెలుసు. దాన్ని చూసి నవ్వుకునే నర్సులూ ఉన్నారు, భయపడే నర్సులూ ఉన్నారు. ఎక్కువసార్లు ఈ రెండూ ఒకే మనిషి చేస్తుంది.

ఇదంతా సోమరితనమని, పట్టుదల ఉంటే మెలకువగా ఉండవచ్చని మీ సమీక్షా సమావేశంలో ఒక ఉన్నతాధికారి అన్నట్టు మాకు తెలిసింది. మనిషి ఒంట్లోని గడియారం పట్టుదలను లెక్కచేయదు. రాత్రి రెండు దాటాక తెల్లవారే వరకు శరీర ఉష్ణోగ్రత రోజంతటిలోకీ తక్కువ స్థాయికి పడిపోతుంది, నిద్ర ముంచుకొస్తుంది, కళ్లు చూసినదాన్ని బుర్ర అందుకోవడం మందగిస్తుంది. వారంలో మూడు రాత్రులు డ్యూటీ, రెండు పగళ్లు డ్యూటీ అని తిప్పి తిప్పి వేస్తే ఆ గడియారం ఎప్పటికీ కుదురుకోదు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చేసి చూపించిన లెక్క ఒకటుంది: ఏకధాటిగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానంగా పడిపోతుంది. 24 గంటలయ్యేసరికి అది 0.10 శాతంతో సమానమవుతుంది. దీన్ని మా డ్యూటీకి వేసి చూడండి. మొదటి నైట్ డ్యూటీ ఉన్న రోజు ఉదయం ఏడింటికి లేచి, ఇల్లు చక్కబెట్టుకుని, పిల్లలున్నవారు పిల్లల పని చూసుకుని, రాత్రి ఎనిమిదికి వార్డులో చేరిన నర్సుకు అర్ధరాత్రికే 17 గంటలు నిండుతాయి. మర్నాడు ఉదయం ఎనిమిదికి హ్యాండోవర్ ఇచ్చే సమయానికి 25 గంటలు. పగలు పడుకుని రావచ్చు కదా అంటారు. పగటిపూట ఇంట్లో నిద్రపోగలిగిన ఆడమనిషి మీకు తెలిస్తే ఆమె ఇంటివారికి మా తరఫున అభినందనలు చెప్పండి.

మద్యం తాగి డ్యూటీకి వచ్చిన ఉద్యోగిని మీరు ఒక్క క్షణం ఉంచరు, ఉంచకూడదు కూడా. దాదాపు ఆ స్థితికి చేరిన నర్సు చేత మాత్రం రెండు కిలోల పసికందుకు మందు మోతాదు లెక్క కట్టిస్తున్నారు. ఆమె ఆ లెక్కకు ముందు ఒక కునుకు తీసి వస్తే అది శిక్షార్హమంటున్నారు.

కునుకు పనిచేస్తుందనడానికి ఆధారాలు మీ అధికారులకు దొరకనివేమీ కావు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా సుదూర విమానాల పైలట్ల మీద చేసిన అధ్యయనంలో, విధుల మధ్యలో 40 నిమిషాల విశ్రాంతి అవకాశం ఇస్తే వారు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు; ఆ విశ్రాంతి దొరకని పైలట్ల కంటే వీరు ప్రయాణం చివరి దశలో ఎక్కువ చురుగ్గా ఉన్నారు. వందలాది ప్రాణాలు గాల్లో ఉండగా ఒక పైలట్ కళ్లు మూసుకోగలిగాడంటే, ఆ సమయానికి విమానం ఎవరి చేతిలో ఉందో ముందే నిర్ణయమై ఉండడమే కారణం. జపాన్‌లో చాలా ఆసుపత్రులు 16 గంటల దాకా సాగే రాత్రి డ్యూటీల మధ్యలో నర్సులకు రెండు గంటల నిద్ర విరామం ఇచ్చే పద్ధతి పాటిస్తాయి. ఆ 16 గంటలను దయచేసి ఆదర్శంగా తీసుకోకండి. విరామాన్ని మాత్రమే తీసుకోండి. ఇలా చెప్పవలసి వస్తున్నది ఎందుకంటే, గతంలో ఒక మంచి ఉదాహరణ చూపించినప్పుడు అందులోని పని గంటలే ముందుగా అమల్లోకి వచ్చిన అనుభవం మాకుంది.

నిద్రకు దాని ఇబ్బందులు దానికున్నాయని కూడా ఒప్పుకోవాలి. అరగంట దాటి గాఢ నిద్రలోకి జారిన మనిషిని ఒక్కసారిగా లేపితే కొంతసేపు మత్తు వదలదు, ఆ మత్తులో సూది పట్టుకోవడం ప్రమాదమే. అందుకే విరామానికి వేళ, వ్యవధి, లేపే మనిషి, లేచాక తేరుకోవడానికి పది పదిహేను నిమిషాలు, ఇవన్నీ ముందే అనుకుని ఉండాలి. మీ సర్క్యులర్ వచ్చాక జరుగుతున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఇంతకుముందు హెడ్ నర్సుకు చెప్పి, రోగులను అప్పగించి, ఫోన్‌లో అలారం పెట్టుకుని పక్క గదిలో పడుకునేవారు. ఇప్పుడు చెప్పి పడుకుంటే చెప్పిన మాటే సాక్ష్యమవుతుంది కాబట్టి ఎవరూ చెప్పడం లేదు. స్టోర్ రూమ్‌లో, బట్టల మూటల వెనక, బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని కళ్లు మూసుకుంటున్నారు. అక్కడ ఉన్నారని తోటి నర్సుకు కూడా తెలియదు, అవసరం వస్తే ఎక్కడ వెతకాలో తెలియదు. రోగి భద్రత కోసం తెచ్చిన ఆదేశం వల్ల రోగికి దక్కింది ఇది.

ఇక్కడ మాలో మాకే ఇబ్బంది కలిగించే విషయం ఒకటి చెప్పకుండా దాటవేస్తే ఈ లేఖ నిజాయితీగా ఉండదు. విరామానికి రాతపూర్వకమైన నియమం లేని చోట దాన్ని పలుకుబడి పంచుతుంది. కొన్ని వార్డుల్లో హెడ్ నర్సు న్యాయంగా వంతులు వేస్తారు, ఒకరి తర్వాత ఒకరు వెళ్లి వస్తారు, గొడవ ఉండదు. మరికొన్ని చోట్ల ఇద్దరు సీనియర్లు ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా పడుకుంటారు, నిన్నగాక మొన్న కాంట్రాక్టు మీద చేరిన అమ్మాయి తెల్లవార్లూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. ఆమె ఎవరికి చెప్పుకోవాలి? కాంట్రాక్టు పొడిగించాలంటే సిఫారసు చేయవలసింది ఆ సీనియర్లే. నాలుగింటికి వాళ్లు లేచి వచ్చాక ఆమె బల్ల మీద ఒక్క క్షణం తల వాల్చినప్పుడే, ఎప్పుడూ అదే సమయానికి, తనిఖీ బృందం వస్తుంది. సస్పెన్షన్ల జాబితా తెప్పించుకుని, అందులో పర్మినెంట్ ఉద్యోగులు ఎందరో కాంట్రాక్టు వారు ఎందరో మీరే ఒకసారి చూడండి. సీనియర్ల మీద నాకు కోపం లేదని చెప్పలేను. అయితే ఇరవై ఏళ్లు రాత్రిళ్లు మేల్కొని మోకాళ్లు అరిగిపోయిన ఆ అక్కలకు కూడా విశ్రాంతి అనేది ఎవరి నుంచో లాక్కుంటే తప్ప దొరకలేదన్న సంగతి మరిచిపోలేను.

డ్యూటీ డాక్టర్లకు పడక ఉన్న గది ఉంది. ఉండాలి. అర్ధరాత్రి ఆ తలుపు తట్టి, వారిని లేపి, కేసు చూపించేది మేమే; హౌస్ సర్జన్లు ఎంత అలిసిపోయి ఉంటారో మాకంటే ఎక్కువ చూసినవారు లేరు. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే యువతి ఆసుపత్రిలో మరణించాక, ఆ రాష్ట్రం 1989లో రెసిడెంట్ వైద్యుల (ఆసుపత్రిలో శిక్షణలో ఉన్న డాక్టర్ల) పనికి వారానికి 80 గంటల పరిమితి పెట్టింది. ఒక ప్రాణం పోయాక గానీ వైద్యుల అలసట లెక్కలోకి రాలేదు. నర్సుల అలసట లెక్కలోకి రావడానికి మీరు కూడా అలాంటిదే ఏదైనా జరగాలని ఎదురుచూస్తున్నారని మేము అనుకోవడం లేదు. ఒకే వార్డులో, ఒకే రోగి కోసం, ఒకే రాత్రి మేల్కొన్న ఇద్దరిలో ఒకరు కళ్లు మూసుకుంటే విశ్రాంతి, మరొకరు మూసుకుంటే క్రమశిక్షణ ఉల్లంఘన ఎలా అవుతుందో మాత్రం చెప్పండి.

మా ఆసుపత్రిలో నర్సింగ్ స్టేషన్ల నుంచి చేతులున్న కుర్చీలు తీసేసి స్టూళ్లు వేశారు. వెనక్కి వాలితే నిద్ర పడుతుందట. అంతకుముందు తనిఖీలో తీసిన ఒక నర్సు ఫొటో ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులోకి, అక్కడి నుంచి ఆమె బంధువుల ఫోన్లలోకి వెళ్లింది. బల్ల మీద మోచేయి మడిచి తల ఆనించి ఉంది. వెనక గోడ గడియారంలో సమయం నాలుగుం పావు. మోచేతి పక్కనే చార్టు తెరిచి ఉంది, అందులో నాలుగు గంటల వరుస పూర్తిగా నింపి ఉంది, ప్రతి మంచానికీ. ఫొటోను కాస్త పెద్దది చేస్తే అంకెలు కూడా చదవవచ్చు. నివేదికలో ఆ చార్టు గురించి ఒక్క వాక్యం లేదు. ఆమె సంజాయిషీలో రాసుకుంది, దానికి జవాబు రాలేదు. ఉద్యోగం పోకపోయినా అత్తవారింట్లో ఆమె ఏ ముఖంతో తిరుగుతున్నదో ఏ విచారణ కమిటీ పరిధిలోకీ రాదు.

గత నర్సుల దినోత్సవ సభలో మీరిచ్చిన హామీలు మీకు గుర్తు చేయడం మర్యాద కాదేమో. అయినా చేస్తున్నాను. రాత్రి డ్యూటీలకు ప్రత్యేకంగా రిలీవర్ నర్సులను నియమిస్తామన్నారు. ప్రతి ఆసుపత్రిలో నర్సులకు విశ్రాంతి గది ఏర్పాటు చేస్తామన్నారు. రెండో హామీ నెరవేరిందని మీ శాఖ ప్రగతి నివేదికలో ఉంది, అది అబద్ధం కాదు కూడా. మా ఆసుపత్రిలో ‘నర్సుల విశ్రాంతి గది’ అని చక్కటి బోర్డు పెట్టారు, రిబ్బన్ కత్తిరించారు. ఆ తలుపు వెనక ఇప్పుడు విరిగిన స్ట్రెచర్లు, ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లు, పాత ఫైళ్ల కట్టలు విశ్రాంతి తీసుకుంటున్నాయి. తాళం చెవి స్టోర్ ఇన్‌ఛార్జి దగ్గర ఉంటుంది, ఆయన సాయంత్రం ఐదింటికి ఇంటికి వెళ్లిపోతారు. రిలీవర్ల హామీ మాత్రం ఇంకా ఫైలు రూపంలోనే ఉంది. అది కూడా ఆ గదిలోని కట్టల్లోనే ఉందేమో తెలియదు.

మేము కొత్తగా ఏదో అడుగుతున్నట్టు అధికారులు మాట్లాడుతున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే నర్సుల కోసం ప్రత్యేకంగా 149వ ఒప్పందాన్ని, దానితో పాటు 157వ సిఫారసును ఆమోదించింది. రోజుకు ఎనిమిది గంటలకు మించని సాధారణ పని వేళలు, పని వేళల్లోనే భాగంగా లెక్కించే విశ్రాంతి విరామాలు, షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య కనీసం 12 గంటల ఎడతెగని విశ్రాంతి ఆ సిఫారసులో ఉన్నాయి. అది వచ్చి దాదాపు అర్ధ శతాబ్దం కావస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ రాత్రి షిఫ్టు పనిని మనుషుల్లో క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యే వాటి జాబితాలో 2007లో చేర్చి, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఇన్ని తెలిసీ మేము రాత్రి డ్యూటీ చేయబోమని అనలేదు. రోగులు రాత్రిపూట ఉంటారు కాబట్టి మేమూ ఉంటాం.

సర్క్యులర్‌ను వెనక్కి తీసుకోవాలని, కనీసం విరామంలో ఉన్న నర్సుకూ విధుల్లో ఉన్న నర్సుకూ తేడా చూపిస్తూ సవరించాలని కోరుతున్నాను. ప్రతి రాత్రి డ్యూటీలో విరామం ఎవరికి ఎప్పుడో, ఆ సమయంలో వారి రోగులు ఎవరి బాధ్యతో రోస్టర్‌లోనే పేర్లతో రాయించండి. పర్మినెంట్, కాంట్రాక్టు తేడా లేకుండా వంతులు వేయించండి. రిలీవర్లను నియమించండి. నియమించే వరకు, తీసుకోని విరామాన్ని మా పని గంటల్లోంచి కోయడమైనా ఆపించండి. ఫొటోలు తీసే పద్ధతి ఆపించండి. తనిఖీ నివేదికలో నర్సు నిద్రపోయిందన్న వరుసతో పాటు ఆ రాత్రి ఆ వార్డులో ఎందరు రోగులు, ఎందరు నర్సులు, ఎవరికి విరామం దొరికింది అన్న వరుసలు కూడా ఉండాలని ఆదేశించండి. రిలీవర్ల మాట ఇంతకుముందే చెప్పానని తెలుసు. మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి మళ్లీ చెబుతున్నాను, రిలీవర్లను నియమించండి.

2020ని నర్సుల, మంత్రసానుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినప్పుడు మా చేత దీపాలు పట్టించి ఫొటోలు తీశారు. నర్సుల దినోత్సవమైన మే 12 వచ్చినప్పుడల్లా ఇప్పటికీ అదే కార్యక్రమం జరుగుతుంది. ఈసారి సభకు మీరు రాకపోయినా మేము ఏమీ అనుకోము, పూలగుచ్ఛాలు, శాలువాలు కూడా అక్కర్లేదు. ఆ రోజుకు ముందే విశ్రాంతి గదిలోని స్ట్రెచర్లను బయటికి తీయించి, తాళం చెవిని రాత్రి డ్యూటీ హెడ్ నర్సుకు అప్పగించమని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. మిగతా వాటికి నిధులు, అనుమతులు, కమిటీలు కావాలంటారేమో. దీనికి మాత్రం ఇద్దరు వార్డు బాయ్‌లు, ఒక పూట చాలు.

ఇట్లు,
రాత్రి విధుల్లో ఉన్న ఒక స్టాఫ్ నర్సు